స్నాప్‌షాట్ వర్చువల్ డిస్క్: రిపాజిటరీ ఎంత అనేముందు, అది ఎంతసేపు ఉండాలో తేల్చుకోండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. డెల్ పవర్‌వాల్ట్ ఎండీ అరేలో (చాలా డిస్కులను కలిపి నడిపే స్టోరేజ్ పెట్టె) 1 టీబీ సోర్స్ వర్చువల్ డిస్క్ (సర్వర్‌కు ఒకే డిస్క్‌లా కనిపించే భాగం) ఉంది. దాని మీద లినక్స్ సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నడుస్తోంది. డేటాబేస్ లాగ్ ఫైళ్లు (మార్పుల చిట్టా) మాత్రం ఇంకో చిన్న వర్చువల్ డిస్క్‌లో ఉన్నాయి. రాత్రి 10 గంటలకు రెండిటికీ ఒకదాని తర్వాత ఒకటి స్నాప్‌షాట్ (డిస్క్ ఆ క్షణాన ఎలా ఉందో చూపే బొమ్మ) తీసి, బ్యాకప్ సర్వర్‌కు మ్యాప్ చేసి (అక్కడ డిస్క్‌గా కనిపించేలా ఇచ్చి), ఉదయం 6 దాకా కాపీ చేసుకుంటున్నారు. సెట్టింగులన్నీ స్నాప్‌షాట్ సృష్టించే విజార్డ్ ఇచ్చినవే. వారంలో రెండు రోజులు తెల్లవారుజామున 3 ప్రాంతంలో స్నాప్‌షాట్ ఫెయిలవుతోంది. ఒకసారి బ్యాకప్ పూర్తిగా వచ్చినా, రీస్టోర్ చేస్తే కొన్ని టేబుళ్లు తెరుచుకోలేదు. రిపాజిటరీ, అంటే స్నాప్‌షాట్ కోసం పాత డేటాను దాచే జాగా, సోర్స్‌లో ఎంత శాతం పెట్టాలి, నిండితే ఏం జరగాలని ఎంచుకోవాలి, స్నాప్‌షాట్ ఉంది కదా అని రోజువారీ బ్యాకప్ మానేయవచ్చా అని అడిగారు.

శాతం గురించి చెప్పేముందు, లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూద్దాం. అది మనసులో నిలిస్తే మిగతా సెట్టింగులు మీరే పెట్టుకోగలరు.

స్నాప్‌షాట్ తీసిన క్షణాన అరే ఏ డేటానూ కాపీ చేయదు. అందుకే 1 టీబీ డిస్క్‌కైనా కొన్ని సెకన్లలో తయారవుతుంది. ఆ తర్వాత సోర్స్‌లో ఒక బ్లాక్ (డిస్క్‌లో చిన్న ముక్క) మీద మొదటిసారి కొత్త డేటా రాయబోతున్నప్పుడు, అక్కడున్న పాత డేటాను ముందు తీసి రిపాజిటరీలో దాచి, అప్పుడు కొత్తది రాస్తుంది. దీన్నే కాపీ ఆన్ రైట్ అంటారు. అదే బ్లాక్ మీద మళ్లీ ఎన్నిసార్లు రాసినా ఇంకోసారి కాపీ జరగదు, పాతది అప్పటికే భద్రంగా ఉంది కాబట్టి. మీ బ్యాకప్ సర్వర్ స్నాప్‌షాట్‌ను చదివినప్పుడు, మారిన బ్లాకులు రిపాజిటరీ నుంచి, మారనివి నేరుగా సోర్స్ డిస్కుల నుంచి వస్తాయి.

అంటే రిపాజిటరీ నిండే వేగానికి, మీ డేటా ఎంత ఉందన్నదానికి నేరుగా సంబంధం లేదు. స్నాప్‌షాట్ బతికి ఉన్నంతసేపట్లో ఎన్ని వేర్వేరు బ్లాకులు మారాయన్నదే లెక్క. విజార్డ్ ఇచ్చే 20 శాతం ఒక అంచనా మాత్రమే. మీ సర్వర్ రాత్రిపూట ఏం చేస్తుందో దానికి తెలియదు.

ఇప్పుడు మీ 3 గంటల సమస్యకు వద్దాం. ఫెయిలయ్యే ఆ రెండు రోజులే రాత్రి 2 గంటలకు పాత రికార్డులు తీసేసి, ఆప్టిమైజ్ టేబుల్ నడిపే జాబ్ ఉందని రాశారు. అతిపెద్ద టేబుల్ 250 జీబీ అన్నారు. కారణం అక్కడే ఉంది. మైఎస్‌క్యూఎల్ టేబుళ్లను దాచే ఇంజిన్ ఇన్నోడీబీలో ఆప్టిమైజ్ టేబుల్ అంటే ఆ టేబుల్‌ను మొత్తం కొత్తగా కట్టడం. టేబుల్‌లో మిగిలిన రికార్డులన్నీ డిస్క్ మీద కొత్త చోట మళ్లీ రాయబడతాయి. మీ రిపాజిటరీ సుమారు 200 జీబీ. 250 జీబీ దరిదాపుల్లో రాత జరిగితే అది సరిపోదు.

ఇక్కడ చాలామంది ఒక మాట అడుగుతారు: కొత్త టేబుల్ ఖాళీ జాగాలోకే కదా వెళ్తోంది, అక్కడ కాపాడాల్సిన పాత డేటా ఏముంది అని. ఖాళీ అన్నది ఫైల్ సిస్టమ్‌కు తెలిసిన సంగతి. అరేకు ఫైళ్లు తెలియవు, బ్లాకులే తెలుసు. ఎప్పుడో తీసేసిన ఫైలు తాలూకు చెత్త ఆ బ్లాక్‌లో ఉన్నా సరే, దాన్ని కూడా శ్రద్ధగా రిపాజిటరీకి మోస్తుంది. డీఫ్రాగ్ చేయడం, పెద్ద టెంపరరీ ఫైళ్లు సృష్టించడం, ఇండెక్సులు మళ్లీ కట్టడం, అదే డిస్క్ మీదకు డేటాబేస్ డంప్ తీయడం, ఇవన్నీ స్నాప్‌షాట్ ఉన్నప్పుడు చేయకూడని పనులు. మీ డేటా పెద్దగా మారినట్టు అనిపించదు, రిపాజిటరీ మాత్రం నిండిపోతుంది.

అందువల్ల నా మొదటి సలహా సైజు పెంచమని కాదు. ఆ జాబ్‌ను స్నాప్‌షాట్ లేని సమయానికి జరపండి. రాత్రి 10 లోపు ముగిసేలా పెట్టగలిగితే మంచిది. కుదరకపోతే ఆ రెండు రోజులు బ్యాకప్ ముగిశాకే అది మొదలయ్యేలా చేయండి.

జాబ్ సమయం మార్చాక సైజు లెక్క ఇలా చేయండి. సర్వర్‌లో ఐఓస్టాట్ అనే కమాండ్‌తో రాత్రి 10 నుంచి 6 దాకా ఆ డిస్క్ మీద ఎంత రాత జరుగుతోందో చూడండి. ఉదాహరణకు సగటున సెకనుకు 2 ఎంబీ అనుకుంటే, 8 గంటలకు 57,600 ఎంబీ, అంటే దాదాపు 58 జీబీ. కానీ ఈ అంకెను అలాగే తీసుకోకండి, ఇది రెండు వైపులా తప్పవచ్చు. అవే బ్లాకులు పదే పదే రాస్తుంటే అసలు వాడకం ఇంతకంటే తక్కువ ఉంటుంది. డేటాబేస్ అక్కడొక చిన్న ముక్క, ఇక్కడొక చిన్న ముక్క రాస్తుంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే అరే తన సొంత ముక్క సైజులో కాపీ చేస్తుంది. ఆ ముక్క 64 కేబీ అనుకుందాం. మైఎస్‌క్యూఎల్ అందులో 16 కేబీ పేజీ ఒక్కటి మార్చినా 64 కేబీ మొత్తం రిపాజిటరీకి వెళ్తుంది. అంటే 4 రెట్లు. ఆ లెక్కన 58 జీబీ కాస్తా 230 జీబీ దాటే అవకాశం ఉంది.

కాగితం మీద ఇంతకంటే దగ్గరగా రాదు. కాబట్టి మొదట ధారాళంగా ఇవ్వండి. మీ అరేలో జాగా ఉంటే 40 శాతం పెట్టి రెండు వారాలు నడపండి. ప్రతి రోజూ ఉదయం స్నాప్‌షాట్‌ను డిసేబుల్ చేసేముందు రిపాజిటరీ ఎంత నిండిందో రాసి పెట్టుకోండి. నెలాఖరు లాంటి బరువైన రోజు అందులో తప్పకుండా ఉండాలి. ఆ రోజుల్లో వచ్చిన అతి పెద్ద అంకెకు రెట్టింపు నేను పెట్టుకునే సైజు. ఒకటిన్నర రెట్లు చాలనేవాళ్లున్నారు, కానీ డేటాబేస్ పెరుగుతుంది, కొత్త జాబులు వస్తాయి, వాటి గురించి స్టోరేజ్ చూసేవాళ్లకు ఎవరూ ముందే చెప్పరు. ఇంకో సంగతి. ఒక్కో బ్లాక్ ఒక్కసారే కాపీ అవుతుంది కాబట్టి, సోర్స్ అంత సైజు, దానికి తోడు అరే తన లెక్కలకు వాడుకునే కొద్దిపాటి జాగా ఇస్తే రిపాజిటరీ ఎప్పటికీ నిండదు. చిన్న డిస్కులకు ఆ లెక్కతోనే నిశ్చింతగా ఉండవచ్చు. మీ లాగ్ డిస్క్‌కు అలాగే 100 శాతానికి కాస్త పైనే ఇచ్చేయండి.

రిపాజిటరీ ఎక్కడ పెట్టాలన్నది మీరు అడగలేదు, కానీ అడగాల్సిన ప్రశ్నే. విజార్డ్‌లో సింపుల్ దారి ఎంచుకుంటే అది సోర్స్ ఉన్న డిస్క్ గ్రూప్‌లోనే (అరేలో ఒక్కటిగా పనిచేసే డిస్కుల గుంపు) కూర్చుంటుంది. ఇప్పుడు ఒక రాతకు ఎంత పని పడుతుందో చూడండి: పాత ముక్క చదవడం, దాన్ని రిపాజిటరీలో రాయడం, కొత్తది సోర్స్‌లో రాయడం. రెయిడ్ 5 (ఒక డిస్క్ పోయినా డేటా తిరిగి కట్టుకోవడానికి ప్యారిటీ అనే లెక్కను దాచే పద్ధతి) అయితే ప్రతి చిన్న రాతకూ పాత డేటా, పాత ప్యారిటీ చదివి, రెండూ కొత్తవి రాయాలి, అంటే 4 డిస్క్ ఆపరేషన్లు. సోర్సూ, రిపాజిటరీ రెండూ అవే డిస్కుల మీద ఉంటే ఈ బరువంతా వాటి మీదే పడుతుంది. పైగా బ్యాకప్ సర్వర్ చదివే మారని బ్లాకులు కూడా అవే డిస్కుల నుంచి రావాలి. బ్యాకప్ వేరే సర్వర్‌లో నడుస్తోంది కాబట్టి డేటాబేస్ మీద ప్రభావం ఉండదని చాలామంది నమ్ముతారు. ప్రాసెసర్ వరకు అది నిజం, డిస్కుల విషయంలో కాదు. అడ్వాన్స్‌డ్ దారి తీసుకుని, వేరే డిస్క్ గ్రూప్‌లో, వీలైతే రెయిడ్ 10 (ప్యారిటీ లేకుండా ప్రతి డిస్క్‌కూ జంట ఉంచే పద్ధతి) మీద రిపాజిటరీ పెట్టండి. ఆ గ్రూప్‌లో కొంత జాగా ఎవరికీ కేటాయించకుండా ఖాళీగా వదలండి. అవసరమైతే రిపాజిటరీని పెంచుకోవడానికి ఆ ఖాళీయే ఆధారం.

రిపాజిటరీ నిండితే ఏం జరగాలి అన్నదానికి విజార్డ్ రెండు ఎంపికలు ఇస్తుంది. ఒకటి, స్నాప్‌షాట్‌ను ఫెయిల్ చేయడం. ఇది డిఫాల్ట్. రెండోది, సోర్స్ మీద రాతలను ఆపేయడం. స్నాప్‌షాట్ పోకుండా ఉండాలని రెండోది ఎంచుకోవాలనిపిస్తుంది. దయచేసి వద్దు. నేను పనిచేసిన ఒక చోట ఎవరో ఆ ఎంపిక పెట్టి ఉంచారు, అది నేను గమనించలేదు. ఒక రాత్రి రిపాజిటరీ నిండింది, సోర్స్ మీద రాతలు ఎర్రర్‌తో తిరిగి రావడం మొదలైంది, ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీలోకి వెళ్లిపోయింది, డేటాబేస్ పడిపోయింది. బ్యాకప్ కోసం తీసిన స్నాప్‌షాట్ అసలు సర్వీసునే ఆపేసింది. కారణం కనుక్కోవడానికి పట్టిన రెండు గంటల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అరేలో డిస్కులన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఒక బ్యాకప్ పోతే రేపు మళ్లీ తీసుకోవచ్చు. డిఫాల్ట్‌నే ఉంచండి.

రిపాజిటరీ ఎంత నిండితే హెచ్చరించాలన్న హద్దు డిఫాల్ట్‌గా 50 శాతం ఉంటుంది. అది సరైనదే. కాకపోతే ఆ హెచ్చరిక మెయిల్ రాత్రి మేలుకుని ఉన్న మనిషికి చేరుతోందా అన్నది చూడండి. ఒక రోజు హద్దును కావాలని 5 శాతానికి దించి, మెయిల్ వస్తుందో లేదో పరీక్షించండి. ఫెయిలైన స్నాప్‌షాట్‌లోని డేటాను తిరిగి రాబట్టే దారి లేదు, మళ్లీ కొత్తగా తీయడమే. అలాగే మీ బ్యాకప్ స్క్రిప్టు చివర్లో స్నాప్‌షాట్ స్థితి బాగుందా అని అరేను అడిగి, బాగుంటేనే బ్యాకప్ విజయవంతమైందని రాయాలి.

ఇక తెరుచుకోని టేబుళ్ల సంగతి. నా దృష్టిలో మీ సమస్యలన్నిటిలో పెద్దది ఇదే, ఎందుకంటే మిగతావి ఎర్రర్ చూపించాయి, ఇది చూపించలేదు. డేటా డిస్క్‌కు 10 గంటలకు, లాగ్ డిస్క్‌కు ఆ తర్వాత కాసేపటికి స్నాప్‌షాట్ తీశారు. రెండూ రెండు వేర్వేరు క్షణాల బొమ్మలు. ఇన్నోడీబీ పడి లేచినప్పుడు లాగ్‌ను, డేటా ఫైళ్లను పక్కపక్కన పెట్టి సరిచేసుకుంటుంది. రెండూ ఒకే క్షణానివైతే కరెంటు పోయి వచ్చినట్టు భావించి చక్కగా కోలుకుంటుంది. లాగ్ ఒక క్షణానిది, డేటా ఇంకో క్షణానిది అయితే ఆ సర్దుబాటు కుదురుతుందన్న నమ్మకం లేదు.

దీనికి అన్నిటికంటే తేలికైన పరిష్కారం, లాగ్‌ను, డేటాను ఒకే వర్చువల్ డిస్క్ మీద పెట్టడం. మీ అరే ఫర్మ్‌వేర్‌లో కన్సిస్టెన్సీ గ్రూప్ సదుపాయం ఉంటే, రెండు డిస్కులనూ ఆ గ్రూపులో చేర్చి ఒకే క్షణానికి తీయించవచ్చు. రెండూ వీలుకాకపోతే ఫైల్ సిస్టమ్‌లను ఫ్రీజ్ చేయాలి, అంటే వాటి మీద రాతలను కాసేపు ఆపాలి.

ఫ్రీజ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది స్క్రిప్టుల్లో ఫ్లష్ టేబుల్స్ విత్ రీడ్ లాక్ (టేబుళ్లలో మార్పులను ఆపే లాక్) అనే కమాండ్ ఒక్కటే ఉంటుంది. అందులో రెండు లోపాలుంటాయి. మొదటిది, ఆ లాక్ దాన్ని తీసుకున్న కనెక్షన్ తెరిచి ఉన్నంతసేపే ఉంటుంది. స్క్రిప్టు మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌ను పిలిచి, కమాండ్ ఇచ్చి బయటకొచ్చేస్తే, స్నాప్‌షాట్ తీసేలోపే లాక్ పోతుంది. రెండోది, లాక్ ఉన్నా సరే ఇన్నోడీబీ తన మెమరీలోని పేజీలను వెనకాల డిస్క్‌కు రాస్తూనే ఉంటుంది. డిస్క్ మీద రాతలు నిజంగా ఆగాలంటే ఎఫ్‌ఎస్‌ఫ్రీజ్ అనే లినక్స్ కమాండ్ కావాలి. లాక్ తీసుకుని, ఆ కనెక్షన్‌ను పట్టుకునే ఉండి, రెండు ఫైల్ సిస్టమ్‌లనూ ఫ్రీజ్ చేసి, రెండు స్నాప్‌షాట్లూ తీసి, రెండిటినీ విడిచి, చివర్లో లాక్ వదలండి.

ఈ మొత్తం కొన్ని సెకన్లలో అయిపోవాలి. స్క్రిప్టు మధ్యలో చచ్చిపోయినా ఫ్రీజ్ విడిపోయేలా ట్రాప్ (స్క్రిప్టు ఆగిపోయేటప్పుడు నడిచే ఆదేశం) రాయండి, లేకపోతే డేటాబేస్ అలాగే బిగుసుకుని కూర్చుంటుంది. స్క్రిప్టు తన లాగ్‌ను ఫ్రీజ్ చేసిన ఫైల్ సిస్టమ్ మీదే రాయబోతే కూడా అంతే, తనను తానే ఆపేసుకుంటుంది. రూట్ ఫైల్ సిస్టమ్‌ను ఎప్పుడూ ఫ్రీజ్ చేయకండి. విండోస్ వాడేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకు ఇదే పని విండోస్‌లోని వీఎస్‌ఎస్ అనే సదుపాయం చేస్తుంది.

మ్యాపింగ్ విషయంలో మీరు వేరే బ్యాకప్ సర్వర్ వాడటం మంచి నిర్ణయం. స్నాప్‌షాట్‌ను సోర్స్ ఉన్న సర్వర్‌కే ఇస్తే, ఒకే గుర్తింపుతో రెండు డిస్కులు కనిపిస్తాయి. ఎల్‌వీఎం (లినక్స్‌లో డిస్కుల జాగాను పంచి నడిపే పొర) అయితే ఒకే యూయూఐడీ (డిస్క్ గుర్తింపు సంఖ్య) రెండుసార్లు చూసి గందరగోళ పడుతుంది. అప్పుడు వీజీఇంపోర్ట్‌క్లోన్ కమాండ్‌తో గుర్తింపు మార్చుకోవాల్సి వస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అయితే నోయూయూఐడీ అన్న ఆప్షన్ ఇవ్వందే మౌంట్ కాదు. క్లస్టర్‌లో ఉన్న ఏ నోడ్‌కూ స్నాప్‌షాట్‌ను మ్యాప్ చేయకండి.

బ్యాకప్ సర్వర్‌లో మౌంట్ చేసేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. ఈ స్నాప్‌షాట్ల మీద రాయవచ్చు, ఆ రాతలు కూడా రిపాజిటరీలోకే వెళ్తాయి. రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా ఫైల్ సిస్టమ్ తన జర్నల్‌ను (రాతల చిట్టా) సరిచేసుకోవడానికి కొంత రాయవచ్చు, అది కొద్దిపాటిదే, భయం లేదు. కానీ మౌంట్ పాయింట్‌ను వెతికి ఇండెక్స్ చేసే ప్రోగ్రాములు, యాంటీవైరస్ లాంటివి అక్కడ ఉంటే ఆపేయండి.

ప్రతి రాత్రి స్నాప్‌షాట్‌ను డిలీట్ చేసి కొత్తది సృష్టించకండి. డిలీట్ చేస్తే దాని రిపాజిటరీ, మ్యాపింగ్ కూడా పోతాయి. బదులుగా డిసేబుల్, రీక్రియేట్ వాడండి. బ్యాకప్ ముగియగానే బ్యాకప్ సర్వర్‌లో అన్‌మౌంట్ చేసి స్నాప్‌షాట్‌ను డిసేబుల్ చేస్తే కాపీ ఆన్ రైట్ ఆగిపోతుంది, పగలంతా డేటాబేస్ పూర్తి వేగంతో నడుస్తుంది. రాత్రి రీక్రియేట్ చేస్తే అదే రిపాజిటరీ, అదే లన్ నంబరుతో (సర్వర్ ఆ డిస్క్‌ను గుర్తించే సంఖ్య) కొత్త క్షణం బొమ్మ వస్తుంది. రీక్రియేట్‌కు ముందు అన్‌మౌంట్ అయి ఉండటం తప్పనిసరి. లేకపోతే బ్యాకప్ సర్వర్ మెమరీలో నిన్నటి ఫైల్ సిస్టమ్, డిస్క్ మీద ఇవాళ్టిది ఉండి, రెండూ కలిసిన బ్యాకప్ వస్తుంది. మీ స్క్రిప్టులో అన్‌మౌంట్ ఫెయిలైతే అక్కడితో ఆగిపోయే షరతు ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ఒకే సోర్స్‌కు నాలుగు స్నాప్‌షాట్లు పెట్టి నాలుగు రోజుల చరిత్ర ఉంచుకుందామని మీరు చివర్లో రాసిన ఆలోచన మాత్రం వదిలేయండి. ఈ పాత తరహా స్నాప్‌షాట్లలో ప్రతిదానికీ సొంత రిపాజిటరీ ఉంటుంది. నాలుగూ ఇంకా దాచుకోని బ్లాక్ మీద ఒక రాత జరిగితే, అదే పాత ముక్క నాలుగు చోట్ల దాచబడుతుంది. మీ రాతల వేగం ఎలా పడిపోతుందో ఊహించుకోవచ్చు.

బ్యాకప్ మానేయవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు, మానకూడదు. మారని బ్లాకులన్నీ సోర్స్ నుంచే చదవాలని పైన చెప్పాను కదా. సోర్స్ ఉన్న డిస్క్ గ్రూప్‌లో రెయిడ్ భరించగలిగిన దానికంటే ఎక్కువ డిస్కులు పోతే, సోర్స్‌తో పాటు స్నాప్‌షాట్ కూడా పోతుంది. రిపాజిటరీ వేరే గ్రూప్‌లో భద్రంగా ఉన్నా, అందులో ఉన్నవి మారిన ముక్కలే, వాటితో డేటాబేస్ తిరిగి రాదు. ఎవరైనా పొరపాటున ఒక టేబుల్ తీసేస్తే స్నాప్‌షాట్ కాపాడుతుంది. అరే పాడైతే, గదిలో నీళ్లు చేరితే, అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కితే కాపాడలేదు. ఆ 8 గంటల కాపీ వేరే పెట్టెకు, వీలైతే వేరే భవనానికి వెళ్లాలి. నెలకొకసారి దాన్ని ఖాళీ సర్వర్‌లో రీస్టోర్ చేసి, మైఎస్‌క్యూఎల్ లేపి, టేబుళ్లను పరీక్షించే చెక్ టేబుల్ కమాండ్ నడపండి. మొన్న తెరుచుకోని టేబుళ్లు మీకు రీస్టోర్ చేసి చూసినందువల్లే తెలిశాయి. ఆ అలవాటు వదలకండి. జాబ్ సమయం మార్చాక రెండు వారాల అంకెలు వచ్చినప్పుడు ఇక్కడ పెట్టండి, రిపాజిటరీని ఎంతకు తగ్గించవచ్చో కలిసి చూద్దాం.